పార్టీలో ఒంటరి: కరీంనగర్ నుంచి చూస్తే పీవీ

పీవీ నరసింహారావు గురించి మనకు బాగా తెలిసినవి రెండు ఢిల్లీ కథలు. ఒకటి 1991 జూలైది. ఖజానాలో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లు కూడా లేని దేశం, అప్పుడు తెరిచిన తలుపులు. రెండోది 2004 డిసెంబరుది. ఆయన పార్థివదేహాన్ని తీసుకెళ్తున్న వాహనం 24 అక్బర్ రోడ్‌లోని కాంగ్రెస్ కేంద్ర కార్యాలయం గేటు బయట ఆగింది. గేటు తెరుచుకోలేదు.

మొదటి కథ చెప్పేవాళ్ళకు ఆయన ఆధునిక భారత నిర్మాత. రెండో కథ చెప్పేవాళ్ళకు పార్టీ అవమానించిన పెద్దమనిషి. రెండూ నిజమే కానీ, రెండిటి మధ్య ఒక ప్రశ్న జారిపోతుంది. సొంత పార్టీకి ఇష్టంలేని పనిని ఆ పార్టీలోనే ఉండి ఎలా చేయగలిగాడు? అలా చేసినందుకు మూల్యం ఎవరు చెల్లించారు?

దీనికి జవాబు ఢిల్లీలో దొరకదని నాకనిపిస్తుంది. పాత కరీంనగర్ జిల్లా నుంచి మొదలుపెట్టాలి. సిరిసిల్ల, మానేరుకు ఇవతల తంగళ్ళపల్లి, అటు జగిత్యాల, కోరుట్ల, గోదావరి ఒడ్డున మంథని, పీవీ దత్తత వెళ్ళిన వంగర, అన్నీ అప్పుడు ఒకే జిల్లా. దొరల గడీలు, వెట్టి, బంజరు భూములు, మగ్గాలు ఉన్న నేల. 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యేగా ఉన్న మనిషికి ఈ నేల సంగతి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. తను కూడా భూస్వామి ఇంట్లో పెరిగినవాడే.

*

1971 సెప్టెంబరు 30న పీవీ ముఖ్యమంత్రి అయ్యాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణ నుంచి వచ్చిన తొలి ముఖ్యమంత్రి. ఆ కుర్చీ ఆయనకు ఎందుకొచ్చిందో గుర్తుచేసుకోవాలి. 1969 ఉద్యమం తర్వాత, 1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితి గెలుచుకుంది. ఆ దెబ్బకు కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోక తప్పలేదు. ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రెండు ప్రాంతాలనూ ఒకే గొడుగు కింద ఉంచగల, సొంత ముఠా లేని మనిషి కోసం ఇందిరాగాంధీ చూసింది. ముఠా లేకపోవడం ఆయన అర్హత. పదిహేను నెలల తర్వాత ఆయన పతనానికీ అదే కారణమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లో ఇంకో ఉమ్మడి గురించి గొడవ నడుస్తోంది. ఐరోపా ఆర్థిక సమాజంలో బ్రిటన్ చేరాలా వద్దా అన్నది తేల్చడానికి 1971 అక్టోబరు 28న పార్లమెంటులో ఓటింగ్ జరిగింది. చేరాలన్నది ప్రధాని ఎడ్వర్డ్ హీత్ పట్టుదల. ఆయన కన్సర్వేటివ్ పార్టీలోనే 39 మంది వ్యతిరేకంగా ఓటేశారు. అవతల ప్రతిపక్ష లేబర్ పార్టీ ‘వద్దు’ అని ఆదేశిస్తే, ఆ పార్టీ ఉపనాయకుడు రాయ్ జెంకిన్స్ 68 మందిని వెంటేసుకుని ‘కావాలి’ అని ఓటేశాడు. తీర్మానం 112 ఓట్ల తేడాతో గెలిచింది. పార్టీకన్నా ఐరోపా పెద్దదనుకున్న ఈ ఇద్దరి కథలూ తర్వాత రెండు దారులు పట్టాయి. జెంకిన్స్ మరుసటి ఏడాది ఉపనాయకత్వం వదిలేశాడు, 1981లో పార్టీనే వదిలి కొత్త పార్టీ పెట్టాడు. హీత్ 1975లో మార్గరెట్ థాచర్ చేతిలో నాయకత్వం పోగొట్టుకుని, 2001 దాకా అదే పార్టీ బెంచీల మీద మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

పార్టీతో పొసగని నాయకుడికి సాధారణంగా ఉండే దారులు ఇవే. బయటికి పోవడం, లేదా లోపలే ఉండి సణుగుతూ ఉండడం. పీవీ మూడో దారి పట్టాడు. అది ఆయనకు పుట్టుకతో అబ్బింది కాదు. 1972లో చేయి కాల్చుకుని నేర్చుకున్నది.

*

ఎందుకంటే 1972లో పీవీ మౌని కాదు. ఆ ఏడాది ఆయన మనసులో ఉన్నవి రెండు విషయాలు బాహాటంగా చెప్పాడు. రెండూ ఆయన్ను ముంచాయి.

మొదటిది భూమి. 1972 మార్చి అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ 287 స్థానాల్లో 219 గెలిచింది. టిక్కెట్ల పంపకంలో కొత్తవాళ్ళకు, వెనుకబడిన కులాలవాళ్ళకు చోటు దొరికింది. పాత పెద్దలకు అదే మొదటి ముల్లు. తర్వాత భూ పరిమితి వచ్చింది. చట్టం వచ్చేలోపు పెద్ద రైతులు భూముల్ని చేతులు మార్చకుండా ముందే లావాదేవీలకు అడ్డుకట్ట వేశారు. ఆ తర్వాత బిల్లు తెచ్చారు. ఒక కుటుంబానికి మాగాణి అయితే నేల రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. అంతకు మించి ఉంటే ప్రభుత్వానిది. అసెంబ్లీలో చేతులెత్తి ఈ బిల్లును ఆమోదించాల్సినవాళ్ళలో చాలామంది ఆ లెక్కకు మించిన భూమి ఉన్నవాళ్ళు. పీవీ కూడా అందులో ఒకడే. తన మిగులు భూమిని తర్వాత ఒప్పగించాడు. కానీ మిగతావాళ్ళు ఆయన దారిన నడుస్తారనుకోవడం అమాయకత్వం.

రెండోది ముల్కీ. నిజాం కాలం నాటి 1919 ఫర్మానా ప్రకారం, స్థానికులకే ఉద్యోగాలన్న నిబంధన చెల్లుతుందని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హైదరాబాద్ రాష్ట్రంలో 15 ఏళ్ళు ఉన్నవాళ్ళే ముల్కీలు. తెలంగాణ నిరుద్యోగికి అది ఊరట. కోస్తా, రాయలసీమల నుంచి రాజధానికి వచ్చినవాళ్ళకు పిడుగు. ముఖ్యమంత్రి తీర్పును ఆహ్వానించాడు. సుప్రీంకోర్టు తీర్పును ఇంకెలా తీసుకుంటారని మనం అడగొచ్చు. కానీ వినేవాళ్ళు అందులో కోర్టు మీద గౌరవాన్ని వినలేదు, తెలంగాణవాడి గొంతు విన్నారు.

జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. కాలేజీలు మూతపడ్డాయి, రైళ్ళు ఆగాయి, కాల్పుల్లో మనుషులు పోయారు. ఆంధ్ర ప్రాంత మంత్రులు రాజీనామా చేశారు. ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి ఉద్యమానికి ముందు నిలబడ్డాడు. ఈ ఉద్యమాన్ని భూస్వాముల కుట్ర అని ఒక్క మాటలో తీసేయలేం. ఉద్యోగాల భయం నిజం, విద్యార్థుల కోపం నిజం. అయితే భూ పరిమితి బిల్లుతో నిద్రపట్టనివాళ్ళకు ఆ కోపం బాగా అక్కరకొచ్చిందన్నదీ నిజం. ముఖ్యమంత్రి పోతే బిల్లు పదును పోతుంది.

1973 జనవరి 1న బ్రిటన్ లాంఛనంగా ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. అదే జనవరిలో పీవీ పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. కూర్చోబెట్టిన అధిష్ఠానమే దించేసింది. ఢిల్లీలో ఆయన కోసం మాట్లాడినవాళ్ళు లేరు. హైదరాబాద్‌లో ఆయన వెంట నడిచిన ఎమ్మెల్యేలు లేరు. ఏ ప్రజల కోసం బిల్లు తెచ్చాడో వాళ్ళకు ఆయన ఎవరో సరిగా తెలియదు. రాష్ట్రం మాత్రం 1973 సెప్టెంబరు ఆరు సూత్రాల పథకంతో అతుకులు వేసుకుని మరో నలభై ఏళ్ళు నడిచింది.

*

భూ పరిమితి చట్టం బతికే ఉంది. 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాగితం మీద కుటుంబాలు విడిపోయాయి, పేర్లు పెరిగాయి, కోర్టుల్లో వ్యాజ్యాలు పేరుకున్నాయి. ఊళ్ళో దున్నేవాడికి మాత్రం భూమి కదల్లేదు.

ఆ లోటు ఎక్కడ బయటపడిందో చూడండి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల వీధుల్లో వేలమంది రైతు కూలీలు నడిచారు. జగిత్యాల జైత్రయాత్ర అని ఇప్పటికీ చెప్పుకుంటాం. వాళ్ళు అడిగినవి పెద్ద సిద్ధాంతాలేం కావు. వెట్టి పోవాలి, దొరలు వేసే దండుగలు ఆగాలి, పాలేర్ల జీతాలు పెరగాలి, దొరల పట్టులో ఉన్న శిఖం, బంజరు భూములు ఊరివి కావాలి. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊళ్ళలోకి పోలీసు క్యాంపులు దిగాయి. అక్కడి నుంచి పోయినవాళ్ళు కొందరు అడవికి, కొందరు గల్ఫ్‌కు, కొందరు భివండి మగ్గాల మీదికి.

పీవీ 1972లో అసెంబ్లీలో చేయబోయిన పనికీ, 1978లో జగిత్యాల కూలీలు అడిగిన దానికీ మధ్య దూరం నిజానికి చాలా తక్కువ. ఆయన దాన్ని చట్టంగా తేవాలనుకున్నాడు, పార్టీ ఆయన్ను దించేసింది. కూలీలు దాన్ని వీధిలో అడిగారు, అదే పార్టీ ప్రభుత్వం పోలీసుల్ని దించింది. ఈ రెండు దృశ్యాల్ని పక్కపక్కన పెట్టి చూడటం మన చరిత్ర పుస్తకాలకు ఎందుకో అలవాటు కాలేదు. పీవీ అభిమానులకు రెండోది ఇబ్బంది. ఉద్యమాభిమానులకు మొదటిది ఇబ్బంది.

అప్పటికి పీవీ హన్మకొండ ఎంపీ. తన పాత జిల్లాలో జరుగుతున్నదాని గురించి ఆయన గొంతెత్తినట్టు చరిత్రలో గుర్తుండిపోయే మాట ఒక్కటీ లేదు. అప్పటికే ఆయన పాఠం నేర్చుకున్నాడు.

*

ఆ పాఠం ఏమిటంటే, పార్టీకి నచ్చని పని చేయాలంటే అది పార్టీ పనే అన్నట్టు చేయాలి. లేదా మాట్లాడకూడదు. మాట్లాడితే శత్రువులు ఏకమవుతారు.

మౌనం ఎంత భయంకరంగా పనిచేస్తుందో 1984లో తెలిసింది. ఇందిరాగాంధీ హత్య తర్వాత ఢిల్లీలో సిక్కులను వెతికి వెతికి చంపుతుంటే, హోంమంత్రి కుర్చీలో ఉన్నది పీవీయే. పోలీసులు ఆయన శాఖ కింద ఉన్నారు. ఆయన ఏమీ చేయలేదు. అధికారం పైన ఇంకెక్కడో ఉంది కాబట్టి ఆయన చేతులు కట్టేసి ఉన్నాయన్నది అభిమానుల సమర్థన. కట్టేసిన చేతులతో రాజీనామా ఉత్తరం రాయొచ్చు. జెంకిన్స్ అంతకన్నా చాలా చిన్న విషయానికి రాశాడు.

1991కి వచ్చేసరికి ఆయన సామాను సర్దుకుంటున్నాడు. ఎన్నికల్లో పోటీ చేయలేదు. తమిళనాడులోని కుర్తాళం పీఠానికి అధిపతిగా రమ్మని పిలుపు కూడా ఉంది. మే 21న రాజీవ్ హత్య జరిగింది. మళ్ళీ అదే అర్హత ముందుకొచ్చింది: ముఠా లేని మనిషి, ఎవరికీ ప్రమాదం కానివాడు. జూన్ 21న ప్రధాని అయ్యాడు. సభలో మెజారిటీ లేదు, పార్టీలో బలం లేదు.

నెల రోజుల్లో రూపాయి విలువ రెండుసార్లు తగ్గింది. దాదాపు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువకు పోయింది. జూలై 24న బడ్జెట్ రోజునే కొత్త పారిశ్రామిక విధానం సభ ముందుకొచ్చింది. 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదు. 34 రంగాల్లో విదేశీ వాటా 51 శాతం దాకా రావచ్చు. నలభై ఏళ్ళ కాంగ్రెస్ ఆర్థిక విధానం ఒక్క మధ్యాహ్నంలో తిరగబడింది.

ఇక్కడ పీవీ ఏం చేశాడో గమనించండి. పరిశ్రమల శాఖ తన దగ్గరే ఉన్నా, ఆ పత్రాన్ని తను చదవలేదు, సహాయ మంత్రి పి.జె. కురియన్‌తో పెట్టించాడు. మరుసటి రోజు పత్రికలన్నీ మన్మోహన్ సింగ్ బడ్జెట్ చుట్టూ తిరిగాయి. అంతకుముందు ఆ ముసాయిదాకు మంత్రివర్గంలోనే అభ్యంతరం వస్తే, ఆయన వాదన పెట్టుకోలేదు. ముందు భాగంలో నెహ్రూ, ఇందిర, రాజీవ్‌ల ప్రస్తావనలు చేర్పించాడు. ఇది కొత్తదేం కాదు, పాతదానికి కొనసాగింపే అన్నట్టు రాయించాడు. లోపలి అంశాలు దాదాపు అలాగే ఉన్నాయి. పార్టీ శాంతించింది. ఎరువుల ధర 40 శాతం పెంచుతామంటే సొంత ఎంపీలే తిరగబడ్డారు. అక్కడ వెనక్కి తగ్గి 30 శాతం చేశారు, చిన్న రైతుల్ని మినహాయించారు. పార్టీకి కనిపించే చోట తగ్గు, కనిపించని చోట ముందుకు పో. 1972లో ఆయనకు ఈ విద్య తెలియదు.

1992 ఏప్రిల్‌లో తిరుపతిలో జరిగిన ఏఐసీసీ సమావేశాల్లో ఇదే విద్య ఇంకో రకంగా కనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత పార్టీ వర్కింగ్ కమిటీకి నిజంగా ఎన్నికలు జరిగాయి. అర్జున్ సింగ్, శరద్ పవార్ లాంటి ప్రత్యర్థులు గెలిచారు. గెలిచినవాళ్ళలో దళితులు లేరు, మహిళలు లేరని పీవీ చింతించి, అందరితో రాజీనామా చేయించి మళ్ళీ తనే నియమించాడు. కారణం న్యాయమైనదే. ఆ న్యాయం వెనక తన పట్టు పెంచుకున్నాడన్నదీ అంతే నిజం.

ఐరోపా గొడవ అప్పటికి లండన్‌లో ఇంకో మలుపు తిరిగింది. మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద సొంత ఎంపీలే తిరగబడితే, 1993 జూలై 23న ప్రధాని జాన్ మేజర్ విశ్వాస పరీక్ష పెట్టుకుని గట్టెక్కాడు. అయిదు రోజుల తర్వాత, జూలై 28న, ఢిల్లీలో పీవీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం 251–265తో వీగిపోయింది. మేజర్ తన పార్టీని బహిరంగంగా బెదిరించి గెలిచాడు: నన్ను ఓడిస్తే ఎన్నికలే. పీవీ గెలుపు వెనక జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బులిచ్చారన్న కేసు మిగిలింది. కింది కోర్టు 2000లో శిక్ష వేసింది, 2002లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు కొట్టేసినా, చాటున నడిపే రాజకీయానికి అంటుకునే మరక అది.

*

ఇంతకీ ఈ మౌనానికి మూల్యం ఎవరు చెల్లించారు?

1992 డిసెంబరు 6 ఒక జవాబు. కేంద్ర బలగాలు అయోధ్య దగ్గరే ఉన్నాయి. యూపీ ప్రభుత్వం కోర్టుకు హామీ ఇచ్చింది. పీవీ ఆ హామీల మీద ఆధారపడి, తెరవెనుక చర్చల మీద నమ్మకం పెట్టుకుని కూర్చున్నాడు. బాబ్రీ మసీదు ఒక్క రోజులో నేలమట్టమైంది. ఆర్థిక విధానంలో ఫలించిన పద్ధతి, ఎవరికీ చెప్పకుండా, ఎవరితోనూ తెగతెంపులు చేసుకోకుండా కాలం గడపడం, ఇక్కడ ఘోరంగా విఫలమైంది. ఆ తర్వాతి రోజుల్లో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. వాళ్ళకు ఆయన వ్యూహం ఏమిటో తెలిసే అవకాశమే లేదు.

రెండో జవాబు మన ఊళ్ళలోనే ఉంది. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. 1990ల చివరి నుంచి అక్కడ నేత కార్మికుల ఆత్మహత్యలు వార్తలయ్యాయి. నూలు ధర తమ చేతిలో లేదు, కరెంటు బిల్లు తమ చేతిలో లేదు, గుడ్డ ధర భివండి, మాలెగావ్ పోటీ నిర్ణయిస్తుంది, అప్పు మాత్రం తమది. దీన్నంతా 1991 ఖాతాలో వేస్తే అన్యాయం. నేత రంగాన్ని ఉపాధి కోణం నుంచి ఉత్పాదకత కోణానికి మార్చింది రాజీవ్ కాలపు 1985 జౌళి విధానం. కానీ మార్కెట్ తలుపులు బార్లా తెరిచేటప్పుడు, గాలికి ముందు ఎగిరిపోయేది ఎవరని అడగాల్సిన చర్చ పార్టీలోనూ జరగలేదు, దేశంలోనూ జరగలేదు. ‘ఏమీ మారలేదు, ఇది నెహ్రూ దారే’ అని చెప్పి చేసిన మార్పు కదా. మారలేదని చెప్పినప్పుడు, మార్పు వల్ల నష్టపోయేవాడికి రక్షణ ఏదని ఎవరు అడుగుతారు? అడగడానికి ఆధారమే ఉండదు.

ఆ రక్షణలు తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చాయి. తంగళ్ళపల్లి వైపు జౌళి పార్కు, 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు. ఆర్డరు వచ్చిన ఏడు మగ్గం ఆడుతుంది, రాని ఏడు ఆగుతుంది. ఒక పరిశ్రమ బతుకు ప్రభుత్వం పెట్టే ఆర్డరు మీద ఆధారపడి ఉందంటే, తెరిచిన మార్కెట్‌కు సిద్ధమయ్యే గడువు దానికి ఎన్నడూ ఇవ్వలేదనే అర్థం.

1972లో పీవీ పేదవాడి కోసం నోరు తెరిచి ఓడిపోయాడు. 1991లో నోరు మూసుకుని గెలిచాడు. ఆ గెలుపులో పేదవాడి మాట ఎక్కడా వినిపించలేదు. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఇదే. గౌరవం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది, ఎందుకంటే 1972 నాటి ఆ మనిషిని ముందు ఓడించింది మనమే.

*

1996 ఎన్నికల్లో కాంగ్రెస్ 140 స్థానాలకు పడిపోయింది. అంతకు రెండేళ్ళ ముందే, 1994లో, సొంత రాష్ట్రం అసెంబ్లీలో 294కు 26 ఇచ్చి చెప్పాల్సింది చెప్పింది. సంస్కరణల ప్రధాని రాష్ట్రంలో రెండు రూపాయల బియ్యం వాగ్దానం గెలిచింది. పార్టీ అధ్యక్ష పదవి పోయింది. 1998లో టిక్కెట్ కూడా ఇవ్వలేదు. విశ్వనాథ ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చిన మనిషి ఆ ఏడాదే తన నవలను ఇంగ్లీషులో వెలువరించాడు. తెలుగులో అది కల్లూరి భాస్కరం అనువాదంలో ‘లోపలి మనిషి’గా వచ్చింది. అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రం, ఆనంద్ అనే ఆదర్శవాది, భూసంస్కరణలు, వాటిని మింగేసే పార్టీ. చెప్పాలనుకున్నది చెప్పడానికి ఆయనకు మారుపేర్లు కావాల్సి వచ్చాయి. గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కథ ఆయన ముఖ్యమంత్రిత్వం చుట్టూ తిరుగుతుంది. 1991 అందులో లేదు. తన జీవితంలో చెప్పి తీరాల్సిన కథ భూమిదేనని ఆయన అనుకున్నాడేమో.

హీత్ 2005లో చనిపోయాడు, పీవీ పోయిన కొద్ది నెలలకు. ఆయన పేరు బ్రిటన్‌లో ఐరోపాతో ముడిపడి నిలిచింది. పని మాత్రం చెరిగిపోయింది. 2016 ప్రజాభిప్రాయ సేకరణ, 2020 జనవరి 31న నిష్క్రమణ. పీవీ కథ తలకిందులు. చేసిన పనిని తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ వెనక్కి తిప్పలేదు. పేరును మాత్రం ఆయన పార్టీ తుడిచేసింది. తుడవడం తేలిక కూడా. ఆ పత్రం మీద నెహ్రూ, ఇందిర, రాజీవ్‌ల పేర్లు రాయించింది ఆయనే కదా.

2024లో భారతరత్న ఇచ్చింది ఆయన జీవితాంతం పోటీపడిన పార్టీ ప్రభుత్వం. ఇప్పుడు ఎవరికి అవసరమైన పీవీని వాళ్ళు తీసుకుంటున్నారు. ఒకరికి కాంగ్రెస్ అవమానించిన పీవీ కావాలి, ఒకరికి తెలంగాణ బిడ్డ పీవీ కావాలి, వ్యాపార పత్రికలకు 1991 పీవీ కావాలి. 1972 పీవీని ఎవరూ అడగడం లేదు. మాగాణి 10 ఎకరాలు, మెట్ట 35 ఎకరాలు అని సొంత పార్టీ మొహం మీద చెప్పిన ఆ ఒక్క ఏడాది పీవీని. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఆ లెక్క ఇంకా తెమలలేదు.